రికార్డు గది నుంచండీ

ఆఫీసు ఫోన్ల పని ఆదివారాలే కుదురుతుంది. మిగతా రోజుల్లో ఒక్క అరగంట లైన్లు ఆపితే చాలు, కొంపలు మునిగినట్టు అందరూ మీద పడతారు. అందుకని పదకొండేళ్ళుగా నాకు ఆదివారం సెలవంటే ఏమిటో తెలీదు. బావ నాకు పని నేర్పిన గురువు, అక్క మొగుడు, జీతమిచ్చే యజమాని. ముగ్గురూ ఒకే మనిషైతే ఎవరితో పోట్లాడుతున్నామో తేలక గొడవలన్నీ సగంలోనే ఆగిపోతాయి. పైగా వాళ్ళ మేడమీద గదిలోనే నా మకాం.

ఆ ఆదివారం బావ పొద్దున్నించీ నోరు విప్పలేదు. మామూలుగా అయితే వ్యాను తాళం తిప్పినప్పుడు మొదలుపెట్టిన మాట ఇంటికి తిరిగొచ్చి బూట్లు విప్పేదాకా ఆగదు. ఎవరైనా ఏమన్నారా అని అక్క అడిగితే పళ్ళెం పక్కకి తోసి లేచిపోయాడు. నాకు చెప్పింది ఒక్కటే. పాత ఎక్స్ఛేంజి పీకి కొత్తది పెట్టాలి, ఎక్స్‌టెన్షన్లు ఇరవై, డోర్‌ఫోన్లు రెండు, సాయంత్రం లోపల బయటపడాలి. ఆ ఆఫీసు పాత ఎక్స్ఛేంజి పెట్టింది కూడా తనేనని ఆ రోజు దాకా నాకు తెలీదు. అక్కడికి నన్నెప్పుడూ తీసుకెళ్ళలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి చేరాం. వాన. మూడంతస్తుల భవనం, ముందు కార్లు నిలిపే ఖాళీ జాగా, గేటు పక్కన వాచ్‌మన్ గది. జాగాలో ఒకే ఒక్క కారు ఉంది, బూడిద రంగుది. దాని యజమాని అద్దాల తలుపు లోపల నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఆ ఆఫీసు మేనేజరు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. ఎదుటి మనిషి మొహం చూడడు, కాళ్ళు చూసి మాట్లాడతాడు. మా బూట్లకి బురద ఉందన్నాడు. పది నిమిషాలు ఆలస్యమయ్యామన్నాడు. ఆదివారం పూట తనని ఇక్కడికి రప్పించినందుకు మేము సిగ్గుపడాలన్నట్టు చూశాడు. బావతో మాత్రం ఒక్క మాటా అనలేదు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఎరగనట్టే నిలబడ్డారు. అంత గట్టిగా ఎరగనట్టు నటించాలంటే బాగా ఎరిగుండాలి.

రిసెప్షను మొదటి అంతస్తులో. పక్కనే బీరువాలాంటి ఇరుకు గదిలో ఎక్స్ఛేంజి. తెరలన్నీ దించేసి ఉన్నాయి. ఏసీ ఆగిపోయిన ఆఫీసుకి ఒక వాసన ఉంటుంది, తివాచీ దుమ్ము, పాత కాఫీ, ఎవరిదో మరిచిపోయిన తడి గొడుగు. ట్యూబులైటు ఒకటి జుమ్మని మోగుతోంది. మేనేజరు తన క్యాబిన్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. పాతది విప్పి కొత్త పెట్టె బిగించి, ఫోన్లన్నీ కలిపేసరికి రెండున్నర అయింది.

ఇక డోర్‌ఫోన్లు. డోర్‌ఫోను అంటే పెద్ద విద్యేమీ కాదు. తలుపు పక్కన గోడకి చిన్న పెట్టె, దానికో మీట, మాట వినడానికి చిల్లులు. మీట నొక్కితే లోపల ఏదో ఒక ఫోను మోగుతుంది. ఎత్తి ఎవరని అడిగి, సరేననిపిస్తే నక్షత్రం గుర్తు, అయిదు నొక్కితే తలుపు గడియ వదులుతుంది. ఏ తలుపు నొక్కితే ఏ ఫోను మోగాలో ఎక్స్ఛేంజికి చెప్పడమే మా పని. తప్పు చెబితే ఇక్కడ ఏమీ మోగదు, అక్కడ మనిషి నిలబడే ఉంటాడు.

ముందు ద్వారం నొక్కితే రిసెప్షను మోగాలి, అక్కడ ఎత్తకపోతే ఇరవై సెకన్లకి మేనేజరు గారి గదిలో మోగాలి. గేటు దగ్గరిది నొక్కితే రిసెప్షనులోనే. ఇంకెక్కడైనా ఉన్నాయా అని క్యాబిన్ తలుపు తట్టి అడిగాను. లేవన్నాడు. బేస్‌మెంటు రికార్డు గదిలో ఒకటుండేదట, ఏడాది కిందటే పీకేయించాడట. నా వెనకే నిలబడ్డ బావ నేల వైపు చూస్తున్నాడు.

ప్రోగ్రాము రాశాను. బావ కిందకెళ్ళి ముందు ద్వారం మీట నొక్కాడు. రిసెప్షను ఫోను మోగింది, తెర మీద 'తలుపు 1' అని పడింది. ఎత్తాను. గడియ వదిలాను. తర్వాత వానలో తడుస్తూ గేటు దాకా వెళ్ళి అక్కడిదీ నొక్కాడు. 'తలుపు 2'. అదీ బాగానే ఉంది. ఇంకో పావుగంటలో సామాను సర్దుకోవచ్చనుకుంటూ లాప్‌టాప్ వైపు తిరిగాను.

జాబితాలో మూడో వరస ఉంది.

తలుపు 3. మోగవలసిన ఎక్స్‌టెన్షన్, ముప్పై నాలుగు.

నేను రాయలేదు. అసలు ఆ ఆఫీసులో ముప్పై నాలుగు అనే నంబరే లేదు. పదకొండు నుంచి ముప్పై దాకానే ఇచ్చాం. పాత తీగేదో కలిసుంటుందనుకుని ఆ వరస చెరిపేశాను. భద్రపరిచాను. తెర ఒక్కసారి రెప్పవేసినట్టు ఆరి వెలిగింది. మళ్ళీ ఉంది. మళ్ళీ చెరిపాను. మళ్ళీ... అదే వరస. అదే నంబరు.

సెల్‌ఫోన్లో బావకి చెప్పాను, మూడో తలుపు అని ఒకటి దానంతటదే వస్తోంది, ముప్పై నాలుగుకి మోగమంటోంది, అదేం నంబరని. అవతల వాన చప్పుడు వినిపిస్తోంది. బావ ఊపిరి వినిపిస్తోంది. "దాన్ని ముట్టుకోకు. నేనొస్తున్నా," అన్నాడు.

ఆయన వచ్చేలోపు రిసెప్షను ఫోను మోగింది.

'తలుపు 3.'

ఎత్తాను. పని అలవాటు, మోగితే చెయ్యి దానంతటదే పోతుంది. ముందు చప్పుడేమీ లేదు. తర్వాత కాగితాలు సర్దుతున్న చప్పుడు. ఆ వెంటనే వాసన... రిసీవర్లోంచి వాసన రాదని నాకు తెలుసు. కానీ వచ్చింది. చెమ్మపట్టిన అట్టల వాసన, ఏళ్ళ తరబడి మూసి ఉంచిన పెట్టె మూత తీసినట్టు.

"రికార్డు గది నుంచండీ," అంది ఒక ఆడగొంతు. మెత్తగా, మర్యాదగా, కాస్త ఆయాసంగా. "నేనే మళ్ళీ. విసిగిస్తున్నానని ఏమనుకోకండి. తలుపు తియ్యరూ?"

ఎవరండీ మీరు అన్నాను. లైను కట్టయింది.

బావ తడిబట్టలతో మెట్లెక్కి వచ్చేసరికి అది రెండోసారి మోగుతోంది. ఈసారి స్పీకరు మీట నొక్కాను. అదే గొంతు, అవే మాటలు, ఆయాసం మాత్రం ఇందాకటి కన్నా ఎక్కువ. బావ కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయాడు. మా వెనక క్యాబిన్ తలుపు తెరుచుకుంది.

మేనేజరు మొహం సున్నం కొట్టినట్టయింది. ఒక్క క్షణమే. తర్వాత ఎర్రబడింది. నేరుగా బావ మీదకి వచ్చాడు. ఎక్కడ రికార్డు చేశావు ఆ గొంతు అని అడిగాడు. ఇన్నాళ్ళకి వచ్చి నాటకాలాడుతున్నావా, నన్ను బెదిరించి ఏం సాధిద్దామని, ఆ రోజు మీటలు నొక్కిన చేతులు నీవి కావా అని. నేను మధ్యలోకి వెళ్ళి సార్, సార్ అంటున్నా వినలేదు. కింద తీగ తప్ప ఏమీ లేదు, ఇప్పుడే వెళ్ళి దాన్ని కూడా పెరికి తెచ్చి మీ మొహాన కొడతానన్నాడు. తాళాల గుత్తి తీసుకుని టకటకా మెట్లు దిగిపోయాడు.

ఆయన అడుగుల చప్పుడు కిందికి, ఇంకా కిందికి పోయి ఆగిపోయింది.

బావ కూర్చున్నాడు. నా వైపు చూడకుండా చెప్పాడు.

ఆ రికార్డు గదిలో ఒకావిడ పనిచేసేది. ఫైళ్ళమ్మ అనేవాళ్ళు అందరూ. కాగితాలు బయటికి పోతున్నాయని మేనేజరు ఆ తలుపుకి ఒక కట్టుబాటు పెట్టాడు. లోపలికి తాళంచెవితో వెళ్ళాలి, తలుపు వెనకాలే పడిపోతుంది, బయటికి రావాలంటే లోపలున్న డోర్‌ఫోను నొక్కాలి, పైనుంచి ఎవరో ఒకరు తియ్యాలి. బేస్‌మెంటులో సెల్‌ఫోను పలకదు. ఆవిడకి ఉబ్బసం. దుమ్ములో ఎక్కువసేపు ఉండలేక గంటకోసారి నొక్కేది. రిసెప్షనులో పిల్లలు విసుక్కునేవాళ్ళు. మేనేజరుకి ఇంకా చిరాకు. ఒకరోజు బావకి ఫోను చేసి, ఆవిడ ఊరికే విసిగిస్తోంది, ఆ తలుపుని ముప్పై నాలుగుకి మార్చెయ్యి అన్నాడు. ముప్పై నాలుగు అంటే ఎవరూ కూర్చోని మూల బల్ల. ఫోను సొరుగులో పడేసి ఉంది, చప్పుడు కూడా తగ్గించేసి. ఆ సంగతి బావకి తెలుసు. తెలిసే ఇంట్లో కూర్చుని, కాఫీ తాగుతూ, లాప్‌టాప్‌లో రెండు అంకెలు మార్చాడు. నాలుగు రోజులు ఆవిడకి బుద్ధి రానిచ్చి మళ్ళీ మార్చెయ్యమంటాడులే అనుకున్నాడట.

ఆ శుక్రవారం సాయంత్రం ఆవిడ లోపలుండగానే అందరూ వెళ్ళిపోయారు. తర్వాత మూడు రోజులు సెలవులు. ఒంటరి మనిషి, ఇంటి దగ్గర వెతికేవాళ్ళు లేరు.

"మంగళవారం నన్ను పిలిచాడు," అన్నాడు బావ. "ఎక్స్ఛేంజిలో లెక్క ఉంటుంది కదరా, ఎన్నిసార్లు మోగిందో. రెండు వందల అరవై. నేనే చెరిపేశాను."

పదకొండేళ్ళు పక్కన కూర్చుని భోంచేసిన మనిషి. నాకు ఆ క్షణంలో బావ మీద జాలి కలగలేదు, భయమూ కాదు. అసహ్యం వేసింది. అది నా మొహంలో కనపడిందనుకుంటాను, తల తిప్పేసుకున్నాడు.

అప్పుడు ఫోను మోగింది. ఇద్దరం ఎగిరిపడ్డాం. తెర మీద 'తలుపు 2' అని ఉంది. గేటు.

వాన హోరులో వాచ్‌మన్ గొంతు సగమే వినపడింది. మేనేజరు గారు వెళ్ళిపోయారండి, కారు తీసుకుని ఇప్పుడే పోయారు, పనయ్యాక తలుపులు దగ్గరికేసి వెళ్ళమన్నారు అన్నాడు. సరేనన్నాను. కోపంగా వెళ్ళారా అని కూడా అడిగాను. నవ్వు లాంటిదేదో వినిపించి ఆగిపోయింది.

పారిపోయాడన్నమాట అన్నాను బావతో. మన మీద అరిచి, కిందకెళ్ళే ధైర్యం చాలక అటునుంచటే ఇంటికి పోయాడు. బావ అవునన్నట్టు తలూపాడు. మనమూ పోదామన్నాడు. కానీ బయటికి వెళ్ళే దారి ఆ బేస్‌మెంటు మెట్ల పక్కనించే. ఇద్దరం స్క్రూడ్రైవర్లు సంచీలో వేసుకుంటూ, ముందు ఎవరు లేస్తారా అని చూస్తూ కూర్చున్నాం.

మళ్ళీ మోగింది.

'తలుపు 3.'

బావ వద్దన్నాడు. నేను ఎత్తాను.

"ఏవయ్యా, నేనే." మేనేజరు గొంతు. అచ్చం ఆయనే, అదే విసురు. "తలుపు పడిపోయింది. అట్టపెట్టె అడ్డం పెట్టే వచ్చాను, ఎలా పడిందో... త్వరగా తియ్యి. ఇక్కడ లైటు కూడా..."

నక్షత్రం నొక్కాను. అయిదు మీద వేలు పెట్టేలోపు బావ నా మణికట్టు పట్టుకున్నాడు. చల్లగా, తడిగా ఉంది ఆ చెయ్యి.

"ఆయన వెళ్ళిపోయాడు కదరా," అన్నాడు గుసగుసగా. "లోపలున్నది ఎవరనుకుంటున్నావు?"

రిసీవర్లో మేనేజరు ఏదో అంటున్నాడు. ఎవరో ఉన్నట్టుందయ్యా ఇక్కడ అంటున్నాడు. ఆ మాట మీదుగా, చాలా దగ్గరగా, నా చెవిలోనే పెదవులు ఆన్చినట్టు ఆడగొంతు వినిపించింది. ఈసారి ఆయాసం లేదు.

"పెట్టేయండి. ఊరికే విసిగిస్తారు."

పెట్టేశాను.

ఎందుకు పెట్టేశానని తర్వాత నన్ను నేనే చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. భయం అని చెప్పుకున్నాను. నిజమే కానీ మొత్తం నిజం కాదు. ఆ గొంతు చెప్పిన తీరులో ఒక తెలిసిన ధోరణి ఉంది. ప్రతి ఆఫీసులో, ప్రతి రిసెప్షను బల్ల దగ్గర నేను వినే ధోరణి. అది వింటే చెయ్యి ఆలోచించదు.

వెంటనే మళ్ళీ మోగింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. పన్నెండుసార్లు మోగి ఆగింది. ఒక నిమిషం. మళ్ళీ. గోడ గడియారంలో మూడూ పది. మోగడం... ఆగడం. మోగడం... బావ లేచి ఇరుకు గదిలోకి వెళ్ళి ఎక్స్ఛేంజికి కరెంటు పెరికేశాడు. దాని దీపాలు ఆరిపోయాయి. రిసెప్షను ఫోను తెర నల్లబడింది.

నల్లబడిన ఫోను మోగింది.

దానితోపాటు లోపలెక్కడో, వరసగా ఉన్న బల్లల చివర, సొరుగులోంచి ఇంకోటి... నోట్లో గుడ్డ కుక్కినట్టు. బావ చెవులు మూసుకుని గోడవారగా జారి కూర్చున్నాడు. అతను ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నేను నా అంగీ తీసి ఫోను మీద కప్పాను. ఏం లాభం. బల్ల చెక్క అదురుతోంది, నా పళ్ళకి తెలుస్తోంది. ఆ వాసన గది నిండా ఉంది. లోపలున్నది మనిషి కాదు, మనిషి కాదు అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. లెక్కపెట్టడం మాత్రం మానలేకపోయాను. పద్ధెనిమిది... పంతొమ్మిది...

మూడూ యాభైకి ఆగిపోయింది.

రెండు నిమిషాలు చూశాం. అయిదు నిమిషాలు. వాన కూడా తగ్గింది. ఆ నిశ్శబ్దంలో ఊపిరాడక, కాస్త గాలి కోసం కిటికీ దగ్గరికి వెళ్ళి తెర పక్కకి లాగాను.

కింద ఖాళీ జాగాలో బూడిద రంగు కారు ఉంది.

ఉన్నచోటే ఉంది. దాని కింద నేల ఎండుగా ఉంది. మేమొచ్చినప్పటి నుంచీ కదల్లేదు.

బావని ఎలా లేపానో, మెట్లు ఎలా దిగానో గుర్తు లేదు. బేస్‌మెంటులో లైటు మీట నొక్కితే వెలగలేదు. సెల్‌ఫోను వెలుగులో ఇనప తలుపు కనిపించింది, మూసి ఉంది. దానికి అడ్డం పెట్టిన అట్టపెట్టె గోడవారగా ఉంది. పక్కకి తన్నినట్టు కాదు. మూత మడిచి, గోడకి సరిగ్గా ఆనించి, ఎవరో పొందికైన మనిషి సర్దినట్టు.

తలుపు బాదాను. సార్, సార్ అని అరిచాను. జవాబు రాలేదు. చెవి ఆన్చితే లోపల చిన్న చప్పుడు. టప్... టప్... ఆగి ఆగి. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. పైన కరెంటు పోయినా ఆ గడియకి విడిగా బ్యాటరీ ఉంటుంది, తలుపు పైన సీలింగులో; దాని తీగ తెగితేనే గడియ వదులుతుంది. బావ నా భుజాల మీదకెక్కాడు. తడిచేతుల్లోంచి రెండుసార్లు కట్టరు జారింది, ఒకసారి నా తల మీదే పడింది. మూడోసారికి తీగ తెగింది. గడియ చిన్నగా దగ్గినట్టు శబ్దం చేసి వదిలింది.

మేనేజరు బతికే ఉన్నాడు. గోడకెదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. డోర్‌ఫోను ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆయన చెప్పింది నిజమే, ఎప్పుడో పీకేశారు. ప్లాస్టరు చుట్టిన రెండు తీగముక్కలు, నాలుగు స్క్రూ చిల్లులు, అంతే. ఆ ఖాళీ గోడని ఆయన బొటనవేలితో నొక్కుతున్నాడు. నొక్కి, తల పక్కకి వంచి వింటున్నాడు. మళ్ళీ నొక్కుతున్నాడు. వేలి చర్మం ఊడిపోయి ఉంది. గోడ మీద రూపాయంత ఎర్రటి మచ్చ.

వెలుగు పడ్డా ఆపలేదు. నేను చెయ్యి పట్టుకుంటే అప్పుడు మెల్లగా మొహం తిప్పాడు. మొదటిసారి నా కాళ్ళు కాకుండా నా కళ్ళు చూశాడు.

"ఎత్తావు కదా," అన్నాడు. "ఎత్తి, పెట్టేశావు కదా."

ఆ తర్వాత ఆయన మాతో మాట్లాడలేదు.

అంబులెన్సు కోసం గేటు దాకా పరిగెత్తాను. వాచ్‌మన్ టీ గ్లాసు పట్టుకుని అప్పుడే లోపలికి వస్తున్నాడు. మేనేజరు వెళ్ళిపోయారని ఎందుకు చెప్పావని గొంతు పట్టుకున్నాను. అతను బిత్తరపోయాడు. తను గంట నుంచీ టీ కొట్టు దగ్గరే ఉన్నాడట. ఆ పెట్టెలో ఎలా మాట్లాడాలో తనకి తెలీదన్నాడు. మీతో వచ్చినాయన నొక్కి చూసుకుని పోయారు గానీ నాకెవరు చూపించారండి అన్నాడు.

రక్తపోటు పెరిగి కళ్ళు తిరిగి పడిపోయారని ఆఫీసువాళ్ళు రాసుకున్నారు. మమ్మల్ని ఎవరూ పెద్దగా అడగలేదు. అడిగినవాళ్ళకి నేను సగమే చెప్పాను. బావ అసలేమీ చెప్పలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చాక నేను అక్కని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, రెండు వందల అరవై సంగతి కూడా. బావ పక్కగదిలో వింటూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున అక్క బావకి కాఫీ ఇవ్వకుండా నాకొక్కడికే తెచ్చింది. ఆ కాఫీ నాకూ దిగలేదు. బావ చేసింది రెండు అంకెలు మార్చడం. నేను చేసింది నలభై నిమిషాలు కూర్చోవడం. ఏది పెద్దదో తూచే తక్కెడ నా దగ్గర లేదు.

వారం ఆగి, ఉండబట్టలేక ఆసుపత్రికి వెళ్ళాను. మేనేజరు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కుడిచేతికి కట్టు కట్టి, మంచం పట్టీకి గుడ్డతో కట్టేశారు. నిద్రలో కూడా ఆ వేలు కదులుతోంది. పక్కన ఆయన భార్య, కళ్ళ కింద నల్లగా, ఒడిలో మందుల చీటీలు పెట్టుకుని కూర్చుని ఉంది. తిడుతుందేమోనని గుమ్మంలోనే ఆగాను. ఎవరని అడిగితే, ఆ రోజు ఫోన్ల పనికి వచ్చినవాణ్ణి అన్నాను.

ఆవిడ మొహం కాస్త తేటపడింది. లోపలికి రమ్మని స్టూలు జరిపింది.

"మీరు రాకపోయినా మీ మనిషి రోజూ వస్తూనే ఉంది కదండీ," అంది. "చేతుల నిండా దుమ్ముతో వస్తుంది పాపం, పని చేస్తూ చేస్తూ లేచి వచ్చినట్టు. ఈయన పక్కన కూర్చుని చెవిలో ఏదో చెబుతుంది. అప్పుడు కాసేపు వేలు ఆపుతారు."

మా దగ్గర ఆడవాళ్ళెవరూ పనిచెయ్యరని చెప్పబోయాను.

"ఆ రోజు తలుపు తీసినప్పుడు మీ ఇద్దరి మధ్యా ఆవిడే నిలబడి ఉందని ఈయన చెప్పారు," అంది ఆవిడ, ఫ్లాస్కు మూత తిప్పుతూ. "నిన్న వెళ్తూ వెళ్తూ మీ ఇల్లెక్కడో మరిచిపోయానంది. ఈయన జేబులో మీ కార్డు ఉంటే చూసి దారి చెప్పాను. కింద మీ అక్కావాళ్ళు, మేడ మీద మీరు అని ఆవిడే గుర్తు చెప్పింది. చేరిందా?"